మూడు కోతలంటే మెట్టు

సోమవారం

ప్రియమైన పిచ్చుకా,

నువ్వు పంపిన మనిషి శుక్రవారం వచ్చాడు. ఇంటికి విలువ కట్టేవాడినన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. టేపు పట్టుకుని గదులన్నీ కొలిచాడు. డాక్టరు రోగి వీపు తట్టినట్టు గోడల్ని వేలి కణుపులతో తట్టి చెవి పెట్టి విన్నాడు. పోతూ పోతూ తను రాసుకున్న కాగితం నకలు ఒకటి నా చేతికిచ్చాడు.

అందులో మన ఇంటి గుణగణాలు రెండు వరుసలుగా ఉన్నాయి. మంచివి ఎడమ పక్కన, చెడ్డవి కుడి పక్కన. స్టేషన్ రెండు వీధుల దూరం, మందపు గోడలు, ఎత్తయిన కప్పు, పెద్ద కిటికీలు, వెనక పెరడు. ఇవి ఎడమ పక్క. కుడి పక్కన ఏమున్నాయో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, విను.

‘వంటగది హాలు కంటే ఒక మెట్టు కిందకి ఉంది. తలుపుల పిడుల్లో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. గోడల వెంట నడుం ఎత్తున చెక్క పట్టీ ఉంది. చాలాచోట్ల దెబ్బతిని కోతలు పడింది. తొలగించాలి.’

దెబ్బతిన్నదట.

పదేళ్ళ పిల్లవి అప్పుడు, మర్చిపోయావేమో, గుర్తు చేస్తాను. అమ్మకి ముందు రంగులు కలిసిపోయాయి. తర్వాత ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం పోయింది. తర్వాత అన్నీ పోయాయి. నాన్న నెల రోజులు పనికి వెళ్ళలేదు. పడకగది నుంచి బాత్రూముకీ, హాల్లోకీ, వంటగదికీ, వెనక తలుపు దాకా గోడ పొడవునా చెక్క పట్టీ కొట్టాడు. ఉలితో కోతలు పెట్టాడు. ఒక కోత తగిలితే తలుపు వస్తుంది. రెండయితే మలుపు. మూడయితే మెట్టు. తలుపుల పిడులు ఒక్కొక్కటీ ఒక్కో ఆకారంలో చెక్కాడు. వంటగదిది గుండ్రం, బాత్రూముది నాలుగు పలకలు, పడకగదిది గాడులు. వెనక తలుపుకి తన పాత సుత్తి పిడినే కోసి బిగించాడు. ముప్పై ఏళ్ళు వడ్రంగం చేసినవాడి చెయ్యి, కోత వంకర పోతుందా? ఆ టేపు మనిషిని అడుగు.

కళ్ళు మూసుకుని ఇల్లంతా చుట్టి రావడం మనకి ఆట. ప్రతిసారీ నువ్వే గెలిచేదానివి. నేనూ తమ్ముడూ వంటగది మెట్టు దగ్గర బోర్లా పడేవాళ్ళం.

ఇల్లు అమ్మే మాట నువ్వూ తమ్ముడూ అనుకున్నారు. వాడు ఓడ మీద నుంచే సంతకం పెట్టి పంపాడు. ‘మీరిద్దరూ ఏదంటే అదే’ అని ఒక్క ముక్క రాశాడు. పుట్టినప్పటి నుంచీ వాడు అన్న మాట అదొక్కటే. నా సంతకం మాత్రం లేదు. ఫోన్ చేస్తే నువ్వు మాట్లాడతావు, నేను వింటాను, చివరికి సరే అంటాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

అమ్మ పోయి ఏడాది. నేను ఉంటున్న ఇల్లు. నన్నొక మాట అడగాలని నీకు తోచలేదు.

సంతకం పెట్టను.

అక్క


గురువారం

ప్రియమైన పెద్దక్కకి,

నీ ఉత్తరం అందింది. ముందుగా ఒక మనవి. నీ అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. కాగితం మిగిల్చి ఎవరికి కట్టబెడతావు? కాస్త పెద్దగా రాయి.

ఇది టైపు కొట్టిన ఉత్తరమని ఉడుక్కోకు. కుడి మణికట్టు బెణికింది. నేను చెబుతుంటే మా ఆఫీసు గుమాస్తాగారు కొడుతున్నారు. అరవై దాటినాయన, గొంతు మాత్రం స్టేషన్ మైకు. నీ ఉత్తరం నాకు చదివి వినిపించారు. నువ్వు నన్ను తిట్టిన చోటల్లా మరీ హుషారుగా చదివారు. వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ఆగి విన్నారు. (ఆ మాట కొట్టనంటున్నారు. కొట్టండి సార్, మా అక్కకి నిజాలే ఇష్టం.)

ఇక ఇంటి సంగతి. ఇరవై ఏళ్ళుగా ఇళ్ళు అమ్మి పెడుతున్నాను. మా వృత్తిలో అబద్ధం ఆడమక్కా, ఇస్త్రీ చేస్తాం. ఇరుకు గదిని ‘పొందికైన గది’ అంటాం. రైళ్ళ మోతని ‘రవాణాకి అన్ని విధాలా అనుకూలం’ అంటాం. నలభై ఏళ్ళ కుళాయి ‘కాలానికి నిలబడిన పనితనం’ అవుతుంది. మన ఇంటికి నేను రాసిన ప్రకటన చూడు:

‘ప్రశాంతమైన శివారు వీధిలో, స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దగ్గరలో, వెనకటి కాలపు గట్టి కట్టుబడి. మూడు పడకగదులు, ఎత్తయిన కప్పు, వేసవిలోనూ చల్లగా ఉండే మందపు గోడలు, నిజమైన కర్రతో చేసిన తలుపులు. పిల్లలు పరుగెత్తడానికి పెరడు. మళ్ళీ ఇలాంటి ఇల్లు కట్టరు.’

బాగుంది కదా? ఒక్క మాట అబద్ధం లేదు. కానీ ఆ పట్టీని ఏ మాట కింద పెట్టి ఇస్త్రీ చెయ్యను? ‘ఈ ఇంట్లో ఒకావిడ చూపు లేకుండా ముప్పై అయిదేళ్ళు గోడ పట్టుకు తిరిగింది’ అని రాయనా? కొనేవాళ్ళు గేటు దగ్గరే వెనక్కి తిరుగుతారు.

ఇప్పుడు ఆ వీధిలో ఇళ్ళకి ఉన్న గిరాకీ ఇంకో ఏడాది ఉండదు. నువ్వు ఎలాగూ మౌన ప్రార్థనకని వచ్చే వారం పది రోజులు వెళ్తున్నావు. ఆ పది రోజుల్లో రంగులు వేయించి చిన్న చిన్న మెరుగులు చేయిస్తాను. నీకు నీ ఆసుపత్రి పక్కనే మంచి ఫ్లాటు చూశాను. చిన్నది, వెలుతురున్నది. ఒక్కదానివి హాయిగా ఉండొచ్చు. ఒక్కదానివి, అక్కా. ఎవరికీ చాకిరీ చెయ్యకుండా.

ఆ మాట మీద కాస్త ఆలోచించు.

నీ పిచ్చుక


శనివారం

ప్రియమైన పిచ్చుకా,

సొంత అక్కకి టైపు ఉత్తరం రాసినదానివి నువ్వే. మణికట్టుకి వేడి నీళ్ళ కాపడం పెట్టు.

రంగులు వేసుకో. గోడలు మాసిపోయిన మాట నిజమే. పట్టీ జోలికి పోవద్దు. పిడుల జోలికి పోవద్దు. ఇంటికి రంగు వేస్తే ఇల్లు అమ్మినట్టు కాదు. సంతకం గురించి తిరిగొచ్చాక మాట్లాడదాం.

రేపు బయలుదేరుతున్నాను. పది రోజులు మాట ఉండదు, ఉత్తరం ఉండదు. తాళం పక్కింటి కుట్టుపని ఆవిడ దగ్గర ఉంటుంది.

పట్టీ జోలికి పోవద్దు. రెండోసారి రాస్తున్నాను.

అక్క


మంగళవారం

పిచ్చుకా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

సాయంత్రం అయిదింటికి ఇల్లు చేరాను. తాళం తీసి, సంచీ దించకుండానే వంటగదికి నడిచాను, మంచినీళ్ళకి. రోజూ నడిచినట్టే నడిచాను. ఎడమ చెయ్యి గోడ మీద ఉంది. మూడు కోతలు తగలగానే కాలు కిందకి దిగుతుంది. ముప్పై ఆరేళ్ళుగా నా కాలికి ఆ అలవాటుంది, నేను చూసి దిగను. ఈసారి ఏమీ తగల్లేదు. నున్నటి గోడ. పడ్డాను. కుడి మోకాలు బూరెలా వాచింది.

కూలబడిన చోటి నుంచే చూశాను. పట్టీ లేదు. ఒక్క గదిలో కూడా లేదు. మేకుల గుంతలు పూడ్చి రంగు పూశారు. తలుపులన్నిటికీ ఒకటే రకం స్టీలు పిడులు, ఆసుపత్రిలో లాగా. నేను పనిచేసేది ఆసుపత్రి దుప్పట్ల గదిలో. ఇంటికొచ్చి కూడా అదే చూడాలా?

రెండుసార్లు రాశాను, వద్దని. నువ్వు చిన్నప్పుడు కూడా ‘వద్దు’ అన్న మాట వినిపించుకునేదానివి కాదు. అప్పుడు ముద్దొచ్చేది.

పెరట్లో చెత్త కుప్పలో వెతికాను. పట్టీ ముక్కలు పదిహేడు దొరికాయి. కొన్ని విరగ్గొట్టి ఉన్నాయి. వంటగది గుండ్రటి పిడి దొరికింది, సుత్తి పిడి దొరికింది. నాలుగు పలకలది దొరకలేదు. చీకటి పడేదాకా మోకాలు పట్టుకుని వెతికాను.

ఇంకొకటి. గోడలకి పాల తెలుపు వేయిస్తానని తమ్ముడికి రాశావట, వాడు నాకు చెప్పాడు. గోడలు లేత పచ్చగా ఉన్నాయి. రంగులాయనకి ఫోన్ చేసి అడిగాను.

“డబ్బా మారిందండీ, నాదే పొరపాటు,” అన్నాడు. “మళ్ళీ వేద్దామనే అనుకున్నా. మీ చెల్లెలుగారు వచ్చి గోడకేసి చూసి, ‘తెలుపు ఎంత బాగా కుదిరిందో’ అన్నారు. ఆవిడే బాగుందంటే నేనేం అంటానండీ?”

చూశావా? నువ్వు అమ్మబోయే ఇల్లు ఏ రంగులో ఉందో కూడా నీకు పట్టలేదు. అమ్ముడుపోతే చాలు.

నీకు తాళం తీసిచ్చి గుమ్మంలోనే నిలబడిందట కుట్టుపని ఆవిడ, ఇంకో ముక్క చెప్పింది. నువ్వు నీ కారులో కాకుండా టాక్సీలో దిగావట. పనివాళ్ళని బయట నిలబెట్టి, కళ్ళు మూసుకుని, పట్టీ మీద చెయ్యి వేసి ఇల్లంతా ఒక చుట్టు తిరిగావట. వెనక తలుపు దగ్గర నిలబడి ఏడ్చావట. తర్వాత ముఖం తుడుచుకుని, ‘మొత్తం పీకెయ్యండి, ఒక్క ముక్క మిగలకూడదు’ అన్నావట.

ఏడ్చి మరీ పీకించడం ఏం నాటకమే? ఎవరు చూడాలని?

పది రోజులు మౌనంగా కూర్చుని తెచ్చుకున్న ప్రశాంతత వంటగది మెట్టు దగ్గర పోయింది. ప్రార్థనలో నీ పేరు దగ్గరికి రాగానే ఆగిపోతున్నాను. దీవించాలో తిట్టాలో తేలక రెండూ చేస్తున్నాను.

అక్క


ఆదివారం

అక్కా,

నాకూ రాయాలని లేదు ప్రియమైన అని. కానీ రాస్తాను. ప్రియమైన అక్కా.

మోకాలికి దెబ్బ తగిలినందుకు నన్ను ఎన్నయినా అను. అది నా తప్పు. పట్టీ పీకించినందుకు మాత్రం క్షమాపణ అడగను. ఇవాళ ఆదివారం, గుమాస్తాగారిని బతిమాలి ఆఫీసుకి రప్పించాను. ఆయన ముఖం చిట్లిస్తున్నారు, మన కుటుంబం గొడవ ఆయనకి ఇష్టం లేదు. పర్లేదు సార్, కొట్టండి.

నువ్వు దాన్ని ఏదో పవిత్రమైన వస్తువులా చూస్తావు. నాకది చెక్క. అది చూసినప్పుడల్లా నాకు కనిపించేది నాన్న పనితనం కాదు. నువ్వు. పొద్దున లేచి అమ్మకి తల దువ్వి, మందులు చేతికిచ్చి, డ్యూటీకి పరుగెత్తి, మళ్ళీ పరుగెత్తుకొచ్చి, అమ్మకి పేపరు చదివి, అమ్మ పడుకున్నాక నీ అన్నం తిన్న నువ్వు. ముప్పై అయిదేళ్ళు! నీతో చదువుకున్నవాళ్ళు దేశాలు తిరిగారు. నువ్వు పడకగది నుంచి వెనక తలుపు దాకా తిరిగావు. ఆ ఇల్లు నిన్ను కూర్చోబెట్టి తినేసింది, నువ్వు చప్పరించడానికి చేతికి ఓ ప్రార్థన ఇచ్చింది.

అనకూడని మాట. అనేశాను. కొట్టెయ్యకండి సార్, ఉండనివ్వండి.

కొనేవాళ్ళు దొరికారు. భార్యాభర్తలు, ఇద్దరూ స్కూల్లో టీచర్లు. నేను అడిగినంతా ఇస్తామన్నారు. హాల్లో పుస్తకాల బీరువా ఎక్కడ పెట్టాలో కూడా ఫోటోలు చూసి తేల్చేసుకున్నారు. ఆ ఇంట్లో నవ్వుకుంటూ తిరిగే మనుషులు ఉండాలి. గోడ తడుముకుంటూ తిరిగే మనుషులు ఇంకెప్పుడూ ఉండకూడదు. అది నా పట్టుదల అనుకో, పిచ్చి అనుకో.

కాగితాలు దీనితో పంపుతున్నాను. పెన్సిలు గుర్తు పెట్టిన చోట సంతకం పెట్టి పంపు. నువ్వు ఇక్కడికి రావద్దు. మోకాలుతో ప్రయాణం మంచిది కాదు. నిజంగా రావద్దు, నేను ఊళ్ళో ఉండకపోవచ్చు కూడా.

పిచ్చుక


శుక్రవారం

పిచ్చుకా,

రావద్దన్నావు. వచ్చాను.

బుధవారం పొద్దున రైలెక్కాను. సంతకం లేని కాగితాలు నీ బల్ల మీద విసిరికొట్టి, నా బతుకుని నా ఇల్లు తినేసిందన్న మాట నా ముఖం మీద అనమని అడుగుదామని వచ్చాను. రైలంతా ఆ మాటలే వల్లించుకున్నాను. నీకు తెలుసుగా, నాకు మాటలు దొరకవు. ముందే పోగుచేసుకోవాలి.

నీ ఆఫీసు అద్దం తలుపు తోసుకుని లోపలికొచ్చాను. గోడ నిండా అమ్మకానికున్న ఇళ్ళ ఫోటోలు. గుమాస్తాగారు కుర్చీలో లేరు. నువ్వు ఒక్కదానివే ఉన్నావు. తలెత్తావు. నవ్వావు.

“రండి, కూర్చోండి. ఇల్లు కొనడానికా అండీ, అమ్మడానికా?” అన్నావు.

నేను నీకు ఆరడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. కిటికీ వెలుతురు నా ముఖం మీదే పడుతోంది.

మొదట ఎగతాళి అనుకున్నాను. ఒళ్ళు మండింది. నోరు తెరవబోయాను.

“తొందరేం లేదండీ, నింపాదిగా ఫోటోలు చూడండి,” అంటూ నువ్వు ఫైళ్ళ మీద చెయ్యి వేశావు. ఫైళ్ళకి రబ్బరు బ్యాండ్లు ఉన్నాయి. ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు, ఇంకోదానికి మూడు. వేలితో తడిమావు. ఒకటి, రెండు, మూడు. మూడున్నది బయటికి లాగావు. కళ్ళు నా మీదే ఉన్నాయి, నా ముఖం మీద మాత్రం లేవు. నా చెవి పక్కకి చూస్తున్నావు. అమ్మ కూడా అలాగే చూసేది, మనిషి ముఖానికి పక్కగా.

నేను మాట్లాడలేదు. మాట్లాడితే గొంతు గుర్తుపడతావు. తలుపు తోసుకుని బయటికొచ్చేశాను. వెనక నుంచి “మళ్ళీ రండి!” అని కేకేశావు. బయట మెట్ల మీద కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. గుమాస్తాగారు టీ తాగి వచ్చి నన్ను చూసి, “ఎవరమ్మా?” అన్నారు. ఆ గొంతు నువ్వన్నట్టే ఉంది. “పెద్దక్కని,” అన్నాను. ఆయన తల దించుకున్నారు. మీ ఇద్దరిలో సిగ్గున్నవాడు ఆయనే.

పచ్చ గోడ చూసి కూడా నాకు తట్టలేదు. టైపు ఉత్తరం, బెణికిన మణికట్టు, చీమల బారు, టాక్సీ. అన్నీ నువ్వే రాశావు, లేదంటే ఎవరో ఒకరు చెప్పారు. నా ఆసుపత్రిలో రోజుకి నాలుగు వందల దుప్పట్లు నా చేతి మీదుగా పోతాయి, ఎక్కడ చిన్న చిరుగున్నా పట్టేస్తాను. నా చెల్లెల్ని పట్టలేదు. కోపంలో ఉన్నాను కదా, చదివినదల్లా కోపంగా చదువుకున్నాను.

ఇప్పుడూ కోపంగానే ఉన్నాను. ఎన్నాళ్ళయింది? డాక్టరు ఏమన్నాడు? నాకు చెప్పకపోవడానికి నేను నీకేమవుతాను?

జవాబు నీ చేత్తో రాయి. వంకర టింకరగా ఉన్నా సరే. ఈ ఉత్తరం ఎంత పెద్ద అక్షరాలతో రాశానో చూడు. పదకొండు కాగితాలు పట్టింది.

అక్క


సోమవారం

ప్రియమైన అక్కా,

గీత మీద రాస్తున్నానో గీత దాటానో తెలియదు. కాగితం కింద స్కేలు పెట్టుకున్నాను.

ఏడాదిన్నర. అమ్మకి చెబుదామనుకున్నాను. ఈలోగా అమ్మ పోయింది. డాక్టరు అన్నాడు, అమ్మదే, రక్తంలో వచ్చింది అని. నీకు ఈ వయసు దాకా రాలేదు కాబట్టి ఇక రాదట. తమ్ముడికి ఓడ వాళ్ళు ఏటా చేయించే కళ్ళ పరీక్షలో ఏ లోపమూ లేదు. ముగ్గుర్లో నాకే. ఆటలో ఎప్పుడూ నేనే గెలిచేదాన్నిగా.

పట్టీ పీకించిన రోజు ఇంటికొచ్చి ముందు కళ్ళు మూసుకుని నడిచాను. వేళ్ళకి అన్నీ గుర్తున్నాయి. ఎక్కడా తడబడలేదు. ఎంత హాయిగా నడిచానో చెప్పలేను. వెనక తలుపు దగ్గర నాన్న సుత్తి పిడి చేతికి తగలగానే భయం వేసింది. ఈ ఇల్లు నా కోసం సిద్ధంగా ఉంది. ఇంట్లో నువ్వూ సిద్ధంగా ఉన్నావు. నేను చెప్పడమే ఆలస్యం, ‘వచ్చెయ్’ అంటావు. మళ్ళీ తల దువ్వడం, మందులు, పేపరు. నీకు యాభై ఆరు. ఇంకో ఇరవై ఏళ్ళు ఎవరి గుడ్డి కళ్ళకో కర్రవి అవుతావు.

అందుకే పీకించాను. ఇల్లు లేకపోతే నేను రాలేను. నువ్వు రమ్మనలేవు.

తిట్టు. కానీ సంతకం పెట్టు. నువ్వొక్కదానివైనా బయటపడు.

నిన్ను గుర్తుపట్టలేదు. అది మాత్రం రోజూ గుర్తొస్తోంది.

పిచ్చుక


గురువారం

ప్రియమైన పిచ్చుకా,

గుమాస్తాగారూ, నమస్కారం. ఈ ఉత్తరం మీరే చదివి వినిపిస్తారని తెలుసు. దయచేసి గట్టిగా, కోపంగా చదవండి. మెల్లగా చదవాల్సిన చోట నేనే చెబుతాను.

ఇళ్ళు అమ్మేదానివి, ఏ ఇంటికి ఏం గుణం ఉందో చిటికెలో చెబుతావు. నీ సొంత ఇంట్లో ఆ పట్టీ ఎందుకుందో నీకు తెలియదు. అప్పుడు నీకు పదేళ్ళు. నాకు ఇరవై. నువ్వు స్కూల్లో ఉన్నప్పుడు జరిగింది.

ఆసుపత్రి నుంచి ఉద్యోగం కాగితం వచ్చింది నాకు. అదే వారం అమ్మ పొయ్యి మీద గిన్నె దించబోయి చెయ్యి కాల్చుకుంది. “పెద్దది పోతే నన్ను బాత్రూముకి ఎవరు తీసుకెళ్తారు?” అని ఏడ్చింది. నేను ఆ కాగితం చింపెయ్యబోయాను. నాన్న నా చేతిలోంచి లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి పనికి పోలేదు. చెక్క తెచ్చాడు.

నెల తర్వాత ఒక పొద్దున తన కళ్ళకి తువ్వాలు కట్టుకుని, పడకగది నుంచి వెనక తలుపు దాకా పట్టీ పట్టుకుని నడిచాడు. మూడుసార్లు నడిచాడు. నాలుగోసారి అమ్మని నడిపించాడు, వెనక నిలబడి, చెయ్యి పట్టుకోకుండా. అమ్మ ఎక్కడా ఆగలేదు. వంటగది మెట్టు దిగి తనంతట తనే మంచినీళ్ళు ముంచుకుని తాగింది. తాగి నవ్వింది.

అప్పుడు నాన్న జేబులోంచి ఉద్యోగం కాగితం తీసి నాకిచ్చాడు.

“ఇంకేంటే చూస్తావు, పో,” అన్నాడు. “ఈ పట్టీ మీ అమ్మకి కాదు, నీకు.”

అర్థమైందా? నేను కర్రని కాను. కర్ర గోడకి ఉంది. అది ఉంది కాబట్టే నేను డ్యూటీకి పోయాను, ఏటా పది రోజులు మౌనానికి పోయాను, పెళ్ళి వద్దనుకున్నాను. పెళ్ళి వద్దనుకున్నది అమ్మ కోసం అని మీరందరూ అనుకుంటారు. కాదు. నాకు వద్దు, అంతే. అమ్మకి తల దువ్వింది నాకిష్టమై. పేపరు చదివింది ఇద్దరం కలిసి తిట్టుకోవడానికి. అమ్మకి తిట్లు బాగా వచ్చు, నీకు తెలియదు. నా బతుకుని ఎవరూ తినలేదు. నేనే తిన్నాను, రుచి చూసి మరీ. దాన్ని నువ్వు ఎంగిలి చెయ్యొద్దు.

నువ్వు పీకించింది నన్ను పట్టి ఉంచిన గొలుసు అనుకున్నావు. నన్ను వదిలిపెట్టిన చెయ్యి అది. ఆ కోపం నాకు ఇప్పట్లో పోదు. ప్రార్థన చేసినా పోవడం లేదు. దేవుడికి చెప్పాను, ఇది కొన్నాళ్ళు ఉంచుకుంటాను అని.

టీచర్లు మొన్న వచ్చారు. మంచివాళ్ళు. ఇల్లు అమ్మడం లేదని చెప్పి, క్షమించమని అడిగాను. ఆవిడ పాపం బీరువా కొలతలు కాగితం మీద రాసుకొచ్చింది. సంతకం కాగితాలు వెనక్కి పంపుతున్నాను, ఖాళీగా. తమ్ముడికీ రాశాను. ‘మీరిద్దరూ ఏదంటే అదే’ అని జవాబిచ్చాడు.

ఇక్కడి వడ్రంగిని పిలిపించాను. పదిహేడు ముక్కలూ ఒక చివర నుంచి ఇంకో చివరకి నేల మీద పేర్చి చూపించాను. చాలని చోట కొత్త చెక్క వేయించాను. అతను కోతలు చూసి, “వీటిని పుట్టీతో పూడ్చేస్తానమ్మా, కొత్తదానిలా ఉంటుంది,” అన్నాడు. “ముట్టుకున్నావంటే వేళ్ళు విరుస్తాను,” అన్నాను. రోజూ ప్రార్థన చేసుకునేదాన్ని, ఆ మాట ఎలా వచ్చిందో. అతను ఒకటికి రెండుసార్లు నా ముఖం చూసి పనిలో పడ్డాడు. బాత్రూముకి నాలుగు పలకల పిడి కొత్తగా చెక్కాడు. నాన్న చేసినంత బాగా లేదు. పలకలు మాత్రం నాలుగూ ఉన్నాయి.

నువ్వొస్తే నీకు తెలిసిన మూడు గుర్తులూ ఉంటాయి. నాలుగోది కొత్తది. నాలుగు కోతలు తగిలితే అది నా గది. తలుపు తట్టకుండా రాకూడదు. నా పది రోజుల మౌనానికి నేను పోతాను, ఆ పది రోజులూ నీ మంచినీళ్ళు నువ్వే ముంచుకోవాలి. ఇళ్ళు అమ్మడం మానొద్దు. స్టేషన్ రెండు వీధులే. నువ్వే రాశావుగా, నడిచి వెళ్ళేంత దగ్గర అని.

విలువ కట్టే మనిషి మళ్ళీ వస్తే, అన్నీ కుడి పక్కనే రాసుకోమను.

గోడలు లేత పచ్చగానే ఉన్నాయి. మార్చలేదు.

గుమాస్తాగారూ, ఇక్కడి నుంచి మెల్లగా చదవండి.

పిచ్చుకా, నువ్వు అమ్మ కంటే పొట్టి. అమ్మ ఎత్తుకి కొడితే నీ భుజం నొప్పెడుతుంది. వడ్రంగి పాత మేకుల గుంతల్లోనే బిగించబోతే ఆపాను. పట్టీ మొత్తం నాలుగు వేళ్ళు కిందకి దించి కొట్టించాను.

కోపం ఇంట్లోనే ఉంది, నాతో పాటు. వచ్చి ఇద్దరితో పోట్లాడు.

నీ అక్క